గల్ పక్షులు మన తీరమున దిగుటకు కారణమేమి?

శీతకాలమున విశాఖపట్నము చేపల రేవుకు వెళ్ళినచో, పడవల చుట్టు తెల్లని పక్షులు గుంపులుగా తిరుగుట మీరు చూడవచ్చును. కాళ్ళు, ముక్కు ఎర్రగను, రెక్కల కొనలు నల్లగను ఉండును. ఇవి గల్ పక్షులు. వీనిలో ఒక ముఖ్యజాతి గోధుమతల గల్. తల తెల్లగానే యున్నదే, ఆ పేరెందుకని మీరడుగవచ్చును. గోధుమరంగు వేసవి దగ్గరపడినప్పుడు వచ్చును. అంతలో పక్షి మన తీరము విడిచిపోవును.

అది పోవునది లడఖ్, టిబెట్టు ప్రాంతములకు. అచ్చట 4,000 మీటర్లకు పైబడిన ఎత్తున గల సరస్సుల లంకలలో, చిత్తడి నేలలలో గూడు కట్టును. చుట్టును నీరుండుటచే నక్కలు గుడ్లను చేరుట కష్టము. చలికి ఆ సరస్సులు గడ్డకట్టగానే మేత కరువగును. అందుచే మంచు పడని మన తీరమునకు దిగివచ్చును.

ఇచ్చట దానికి కావలసినవి రెండే: సులభముగా దొరకు తిండి, శత్రువు దూరమునుండియే కనబడు బయలు. రేవులో పారవేసిన చేపల తలలు, ప్రేగులు, ఒడ్డున పీతలు దానికి చాలును. కన్నుల పైభాగమున గల గ్రంథులు ఉప్పును ముక్కు ద్వారా బయటకు పంపును గనుక సముద్రపు నీరు త్రాగియు బ్రతుకగలదు. అట్లని ఉప్పునీరే కావలెనని లేదు. గోపాలపట్నము ప్రక్కనున్న మేఘాద్రిగెడ్డ వంటి విశాలమైన జలాశయములు కూడ దానికి అనుకూలమే. చెట్లు కమ్మిన చిన్న కుంటలో మాత్రము దిగదు.

రైతులు గమనింపవలసిన సంగతి ఇదియే. మేఘాద్రిగెడ్డ నీరు నగరవాసులు త్రాగునీరు. కుప్పలపై తిని వచ్చిన గల్ జలాశయములో స్నానమాడును, రెట్టలు వేయును. ఆ రెట్టలలో రోగక్రిములు ఉండవచ్చును. పక్షిని తరిమిన లాభములేదు, మరల వచ్చును; చంపుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. తిండి దొరకకుండ చేయుటయే ఉపాయము. కోళ్ళ వ్యర్థములను, చచ్చిన కోళ్ళను గట్టుపై పారవేయక, చెరువులకు, బావులకు దూరముగా గొయ్యి త్రవ్వి, సున్నము చల్లి పూడ్చవలెను. గ్రామ అధికారులు ఇందుకు స్థలము చూపింపవలెను.

2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు వద్ద పక్షి జ్వరముతో వేలాది పక్షులు చనిపోయినవి. వానిలో గోధుమతల గల్ పక్షులును గలవు. కావున నీటి ఒడ్డున ఒక్కసారిగా అనేక పక్షులు చచ్చి కనబడినచో చేతితో ముట్టరాదు. పెరటి కోళ్ళను అటు పోనీయక, పశువైద్యునికి వెంటనే కబురు పంపవలెను.