ర్యాంకుకు, సీటుకు మధ్య నలభై రోజులు

కౌన్సెలింగ్ వేళ విద్యార్థుల ఇళ్లలో ఉత్కంఠ.. ప్రక్రియపై అవగాహనతోనే ఊరట

మచిలీపట్నం: ప్రవేశ పరీక్షలో ర్యాంకు వెలువడిన రోజున ఇంటిల్లిపాదికీ కలిగే ఊరట ఎంతోకాలం నిలవదు. ఆ ర్యాంకుకు ఏ కళాశాలలో, ఏ శాఖలో సీటు లభిస్తుందన్న ప్రశ్న మరునాటికే తలెత్తుతుంది. కాలువలకు నీరు వదిలి, రైతులు నారుమళ్లు పోసుకునే జూన్, జూలై నెలల్లోనే బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లోని ఎన్నో ఇళ్లలో ఈ నిరీక్షణ మొదలవుతుంది. ఏపీ ఈఏపీసెట్ ఫలితాలు 2024లో జూన్ 11న వెలువడగా తొలి విడత సీట్ల కేటాయింపు జూలై మూడో వారంలో జరిగింది. 2025లో జూన్ 8న ఫలితాలు రాగా, జూలై 7న కౌన్సెలింగ్ ప్రారంభమై నాలుగో వారంలో సీట్లు కేటాయించారు. అంటే ర్యాంకుకు, సీటుకు మధ్య దాదాపు నలభై రోజుల ఎడం. పరీక్షకు ఏళ్ల తరబడి సిద్ధమైన విద్యార్థులు ఈ నలభై రోజులకు మాత్రం సిద్ధంగా ఉండరు.

ఖాళీ సమయమే భారం

డెల్టా గ్రామాల విద్యార్థుల్లో చాలామంది ఇంటర్మీడియట్‌ను విజయవాడ పరిసరాల్లోని వసతి కళాశాలల్లో పూర్తిచేస్తారు. తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ ముగిసేదాకా ప్రతి గంటకూ అక్కడ ఒక పని ఉంటుంది. అటువంటి విద్యార్థి ఒక్కసారిగా ఇంటికి చేరి, చేయవలసిన పనేదీ లేక, చేతిలో ఫోన్‌తో కూర్చుంటాడు. స్నేహితుల ర్యాంకులు, పాత సంవత్సరాల కటాఫ్‌లు, ఎవరో పంపిన వదంతులు గంటగంటకూ కళ్ల ముందు కదులుతుంటాయి. బడ్డీకొట్టు దగ్గరా, పెళ్లి పందిట్లోనూ ‘ర్యాంకెంత, సీటెక్కడ’ అన్న పలకరింపులు తప్పవు. నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, చిన్న మాటకే విసుక్కోవడం ఈ దశలో సాధారణంగా కనిపించే లక్షణాలు.

తెలియకపోవడమే బాధ

చెడు వార్త కన్నా, ఏ వార్త వస్తుందో తెలియని స్థితే మనిషిని ఎక్కువగా కుంగదీస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందిపై ఒక ప్రయోగం జరిపి 2016లో ఫలితాలు ప్రకటించారు. చేతికి స్వల్ప విద్యుత్ షాక్ తప్పదని కచ్చితంగా తెలిసినప్పటి కంటే, తగిలే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడే వారిలో ఒత్తిడి అధికంగా కనిపించింది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, రివర్‌సైడ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కేట్ స్వీనీ బృందం న్యాయవాద పరీక్ష ఫలితం కోసం నాలుగు నెలలు ఎదురుచూసిన పట్టభద్రులను పరిశీలించింది. ఆందోళనను అణచుకునేందుకు వారు చేసిన ప్రయత్నాలు పెద్దగా ఫలించలేదు. అయితే ఎదురుచూసే రోజుల్లో కలవరపడినవారే ఫలితం వచ్చాక దానిని మెరుగ్గా స్వీకరించగలిగారు. మనసు పూర్తిగా లీనమయ్యే పనిలో ఉన్నవారికి నిరీక్షణ తేలికగా గడిచిందని అదే బృందం మరో అధ్యయనంలో గుర్తించింది.

దీనిని బట్టి కలవరపడటం బలహీనత కాదని, దానిని పూర్తిగా పోగొట్టుకోవాలని ప్రయాసపడనక్కరలేదని తేటతెల్లమవుతోంది. చేతిలో ఉన్న పనిని శ్రద్ధగా చేసి, చేతిలో లేనిదానిని దాని మానాన వదిలివేయడమే ఈ రోజులను గడిపే మార్గం. ర్యాంకు మారదు. పత్రాలు, ఐచ్ఛికాల క్రమం మాత్రం విద్యార్థి చేతిలోనే ఉంటాయి.

ఐచ్ఛికాల క్రమమే కీలకం

సీట్ల కేటాయింపు విధానం తెలిస్తే సగం భయం తొలగుతుంది. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్క అభ్యర్థిని తీసుకుంటుంది. అతని వంతు వచ్చినప్పుడు అతడిచ్చిన ఐచ్ఛికాలను మొదటి నుంచి చివరి వరకు చూసి, అతని కేటగిరీలో ఖాళీ ఉన్న తొలి ఐచ్ఛికాన్ని కేటాయిస్తుంది. మొదటి ఐచ్ఛికం దక్కనంత మాత్రాన రెండోదానికి అవకాశం తగ్గదు. కనుక ‘మనకు రాదేమో’ అన్న సంకోచంతో ఇష్టమైన కళాశాలను కిందికి నెట్టడం పొరపాటు. నిజంగా కోరుకునే వరుసలోనే ఐచ్ఛికాలు ఇవ్వాలి. నాలుగైదు కళాశాలలతో సరిపెట్టుకుంటే అసలు సీటే రాకపోయే ప్రమాదం ఉంది. చేరబోని కళాశాలను జాబితాలో చేర్చడమూ తగదు.

గత సంవత్సరపు చివరి ర్యాంకులను చూసేటప్పుడు తమ కేటగిరీకి సంబంధించినవే సరిచూసుకోవాలి. కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు చెందుతాయి. కృష్ణా జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంత పరిధిలోకి వస్తుంది. సామాజిక వర్గాన్ని బట్టి, బాలికలకున్న రిజర్వేషన్‌ను బట్టి చివరి ర్యాంకు మారుతుంది. పక్కింటి విద్యార్థికి వచ్చిన సీటు తమకూ వచ్చి తీరుతుందనుకోవడానికి గానీ, రాదని దిగులు పడటానికి గానీ ఆధారం లేదు.

రెండో విడతలో మరింత జాగ్రత్త అవసరం. అందులో కొత్త సీటు కేటాయిస్తే మొదటి విడతలో వచ్చిన సీటు దానంతటదే రద్దవుతుంది. కాబట్టి చేతిలో ఉన్న సీటు కంటే కచ్చితంగా మెరుగైనవాటినే అప్పుడు కోరుకోవాలి.

రాకపోకలనూ లెక్కలోకి తీసుకోవాలి. గుడివాడ జంక్షన్ నుంచి విజయవాడ, మచిలీపట్నం, భీమవరం వైపు రైళ్లున్నాయి. రైలుమార్గం లేని దివిసీమకు బస్సులే ఆధారం. 2006లో అందుబాటులోకి వచ్చిన పులిగడ్డ–పెనుమూడి వంతెన మీదుగా రేపల్లె వైపు కళాశాలలకూ వెళ్లిరావచ్చు. రోజూ వెళ్లిరావడమా, వసతి గృహమా అన్నది ఐచ్ఛికాలు ఇచ్చే ముందే ఇంట్లో తేల్చుకుంటే తరువాతి కలవరం తగ్గుతుంది.

పత్రాలు ముందే సిద్ధం

కుల, ఆదాయ, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రాలు, చదువు వివరాల పత్రాలు కౌన్సెలింగ్ ప్రకటనకు ముందే చేతిలో ఉండాలి. చివరి రెండు రోజుల్లో తహసీల్దారు కార్యాలయానికి పరుగెత్తడం అనవసర ఆందోళన. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా పరిశీలనలో చిక్కులు రావచ్చు. నెట్ సెంటర్‌లో ఐచ్ఛికాలు నమోదు చేయించేవారు పాస్‌వర్డ్, ఓటీపీలను ఇతరులకు అప్పగించకుండా దగ్గర కూర్చుని చేయించుకోవాలి. భద్రపరిచిన ఐచ్ఛికాల ప్రతిని ముద్రించుకుని వరుస సరిచూసుకోవాలి. గడువు ముగిసి ఐచ్ఛికాలు ఖరారైన తరువాత చేయగలిగినదేదీ ఉండదు. ఆ క్షణం నుంచి పదేపదే వెబ్‌సైట్ తెరవడం వల్ల ఒరిగేదీ లేదు.

ఆలస్యం కొత్త కాదు

కౌన్సెలింగ్ తేదీలు వాయిదా పడినప్పుడు ఏడాది వృథా అవుతుందన్న భయం వ్యాపిస్తుంది. ఎంసెట్ 1986లో ఆరంభమైన నాటి నుంచి ఇటువంటి అవాంతరాలు పలుమార్లు ఎదురయ్యాయి. 2013 ఆగస్టులో సమైక్యాంధ్ర ఉద్యమం, ఉద్యోగుల సమ్మె వల్ల ధ్రువపత్రాల పరిశీలనకు ఆటంకం కలిగింది. రాష్ట్ర విభజన జరిగిన 2014లో కౌన్సెలింగ్ వివాదం సుప్రీంకోర్టుకు చేరగా, ఆగస్టు 31 నాటికి ప్రవేశాలు పూర్తిచేయాలని న్యాయస్థానం ఆదేశించింది. కరోనా కారణంగా 2020లో పరీక్షే సెప్టెంబరులో జరిగి, అక్టోబరు 10న ఫలితాలు వచ్చాయి. 2024 నీట్‌లో గ్రేస్ మార్కుల వివాదంతో 1,563 మందికి మళ్లీ పరీక్ష అవకాశం కల్పించారు. పరీక్షను రద్దు చేయబోమని సుప్రీంకోర్టు జూలై 23న స్పష్టం చేశాక, ఆగస్టు మధ్యలో అఖిల భారత కౌన్సెలింగ్ మొదలైంది. ఇన్ని అవాంతరాల నడుమా ప్రవేశాలు జరిగాయి, తరగతులు మొదలయ్యాయి.

దళారులతో జాగ్రత్త

ఆత్రుత ఉన్నచోటే దళారులకు పని దొరుకుతుంది. ‘సీట్లు అయిపోతున్నాయి, నేడే అడ్వాన్సు కట్టండి’ అంటూ ఫోన్లు వస్తుంటాయి. ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, 30 శాతం యాజమాన్య కోటాలో భర్తీ అవుతాయి. యాజమాన్య కోటాలో చేరినవారికి బోధన రుసుముల చెల్లింపు పథకం వర్తించదు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చే అవకాశం ఉండగానే తొందరపడితే, నాలుగేళ్ల రుసుము కుటుంబమే మోయవలసి వస్తుంది. రొయ్యల చెరువు మీదో, కౌలు పొలం మీదో బతికే కుటుంబానికి అది అప్పుగా మారుతుంది. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను కళాశాలలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లో స్పష్టం చేసింది.

పెద్దల మాటే మందు

ఈ రోజుల్లో తల్లిదండ్రుల మాట బాగా పనిచేస్తుంది. ‘నీ మీద ఇంత ఖర్చు పెట్టాం’ అన్న మాట విద్యార్థి మనసులో ముల్లులా దిగుతుంది. అన్నదమ్ముల పిల్లలతోనూ, ఇరుగుపొరుగువారితోనూ పోల్చడం మానాలి. సీటు గురించిన చర్చకు రోజులో ఒక సమయం కేటాయించి, మిగిలిన వేళల్లో ఆ ఊసెత్తకపోవడం మేలు. నారుమడి పనో, దుకాణంలో లెక్కలో, ఈతో, డ్రైవింగో, ఆంగ్ల సంభాషణో, ఏదో ఒక పనిలో పిల్లలు నిమగ్నమయ్యేలా చూడాలి. బంధువుల ప్రశ్నలకు ‘వచ్చాక మేమే చెబుతాం’ అని పెద్దలే బదులిస్తే పిల్లలకు కొండంత అండ.

దారులు ఇంకా ఉన్నాయి

కోరిన సీటు దక్కకపోయినా చదువు ఆగదు. తొలి విడత తరువాత మలి విడతలు ఉంటాయి. డిగ్రీ ప్రవేశాలు 2020–21 నుంచి ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం బందరులోనే ఉంది. అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల 2023–24లో 150 సీట్లతో ప్రారంభమైంది. గుడివాడలోని ఏఎన్‌ఆర్ కళాశాల 1950 నాటిది. ఆ కళాశాలకు పేరైన అక్కినేని నాగేశ్వరరావు చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు. ఒక జాబితాలో పేరు లేనంత మాత్రాన జీవితం అక్కడితో ఆగిపోదనడానికి ఈ ప్రాంతంలోనే దాఖలా ఉంది.

ఈ లక్షణాలుంటే ఉపేక్షించవద్దు

రెండు వారాలకు పైగా నిద్ర, ఆహారం తగ్గినా, ఎవరితోనూ మాట్లాడకుండా ఒంటరిగా గడుపుతున్నా, బతికి ప్రయోజనం లేదన్న మాట ఒక్కసారి నోటివెంట వచ్చినా దానిని బెదిరింపుగా కొట్టిపారేయరాదు. మందలించకుండా పక్కన కూర్చుని వినాలి, ఆ పూట ఒంటరిగా వదలరాదు, వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా లభిస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. విద్యార్థులే కాదు, తల్లిదండ్రులూ ఈ నంబరుకు ఫోన్ చేయవచ్చు.