రొయ్యల సాగు పుస్తకం యాప్‌గా మారాలంటే.. ముందు ఏ పేజీ మార్చాలి?

తెల్లవారుజామున 3 గంటలు. కైకలూరు దగ్గర ఓ వనామి చెరువు అనుకోండి. కరెంట్ పోయింది, ఏరియేటర్లు ఆగిపోయాయి. రొయ్యలు నీటిపైకి తేలుతున్నాయి. ఆ టైమ్‌లో రైతు ఇంటికెళ్లి సాగు పుస్తకం తెచ్చి పేజీలు తిప్పలేడు. చేతిలో ఉండేది ఫోనే. మరి ఆ పుస్తకాన్నే ఫోన్‌లో పెట్టేస్తే సరిపోతుందా? సరిపోదు. ఎందుకో చూద్దాం.

పుస్తకం ఎందుకు పాతబడింది?

1990ల మధ్యలో తెల్లమచ్చల వ్యాధి కోస్తాలో రొయ్యల సాగును గట్టిగా దెబ్బతీసింది. ఆ తర్వాత ఎంపెడా, నాకా సంస్థలు కలిసి 2003లో రొయ్యల ఆరోగ్య యాజమాన్యంపై ఒక మాన్యువల్ తెచ్చాయి. అప్పట్లో సాగంతా టైగర్ రొయ్యదే. 2009లో వనామికి అనుమతి వచ్చాక చెరువులో వేసే సీడ్, మేత లెక్కలు అన్నీ మారిపోయాయి. అచ్చయిన పేజీ మాత్రం అలాగే ఉండిపోతుంది. అందుకే చెన్నైలోని సీబా శాస్త్రవేత్తలు ‘వనామి ష్రింప్‌యాప్’ తయారు చేశారు. సాగు పద్ధతులతో పాటు కాలిక్యులేటర్లు, వ్యాధుల గుర్తింపు, ప్రశ్న అడిగే వీలు అందులో పెట్టారు.

పీడీఎఫ్ పెడితే యాప్ అయిపోదా?

పుస్తకం చెరువు తయారీతో మొదలై పట్టుబడితో ముగుస్తుంది. రైతు యాప్‌ను ఆ వరసలో తెరవడు, సమస్య వచ్చినప్పుడు తెరుస్తాడు. కాబట్టి మొదటి స్క్రీన్ మీద ‘రొయ్యలు పైకి తేలుతున్నాయి’, ‘మేత తినడం లేదు’, ‘నీటి రంగు మారింది’ లాంటి బటన్లు ఉండాలి. మొదటిది నొక్కగానే చేయాల్సిన పనులు వరసగా రావాలి: జనరేటర్ వేయండి, ఏరియేటర్లన్నీ తిప్పండి, మేత ఆపండి, డీఓ చూడండి. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. దాని కారణాలు కింద చదువుకోవచ్చు.

పట్టికల సంగతీ అంతే. చెరువులో 80 వేల రొయ్యలు, 50 కౌంట్ అంటే ఒక్కోటి 20 గ్రాములు. మొత్తం 1,600 కిలోలు. రోజుకు 2.5 శాతం మేత అనుకుంటే 40 కిలోలు. పుస్తకంలో ఈ లెక్క రైతే వేసుకోవాలి. యాప్‌లో సంఖ్య, కౌంట్ కొడితే చాలు. ఆపై చెక్ ట్రే చూసి తగ్గించాలా, పెంచాలా అన్నది రైతు చేతిలో పని.

టైమ్ తక్కువుంటే ఏం చేయాలి?

సీడ్ వేసే సీజన్ దాటాక వచ్చే యాప్ ఆ పంటకు పనికిరాదు. అందుకే 100 పేజీలూ ఒకేసారి మార్చాలని కూర్చోకూడదు. ముందు ప్రమాద సమయంలో కావాల్సినవి, తర్వాత కాలిక్యులేటర్లు, చివర్లో వివరణలు. సిగ్నల్ లేకపోయినా ముఖ్యమైన పేజీలు తెరుచుకోవాలి.

తొందరలో వదలకూడనిది ఒక్కటుంది.. అంకెల తనిఖీ. 2.5 బదులు 25 అని పడితే 40 కిలోల మేత 400 అవుతుంది. పుస్తకంలో తప్పు కొద్దిమంది కంట పడుతుంది, యాప్‌లో తప్పు ఒక్క అప్‌డేట్‌తో అందరి చెరువుల్లోకీ వెళ్తుంది. కాబట్టి ప్రతి అంకెనూ శాస్త్రవేత్త ఒకసారి, చెరువు గట్టు మీద రైతు ఒకసారి చూడాలి. ఏ తేదీన మార్చారో స్క్రీన్ మీదే కనిపించాలి.

మీ ఫోన్‌లో సాగు యాప్ ఉంటే ఈ రాత్రి నెట్ ఆపేసి ఒకసారి తెరిచి చూడండి. ఆక్సిజన్ పేజీ రాకపోతే, కరెంట్ పోయిన రోజు కూడా రాదు.