నేల మీద విమానం మాట వినాలంటే...

కారు నడిపినవాళ్ళు విమానం కూడా అంతే అనుకుంటారు, చక్రం ఎటు తిప్పితే అటు పోతుందని! నేల మీద ఉన్నప్పుడు మాత్రం ఆ చక్రాన్ని ఎంత తిప్పినా విమానం తన దారిన తను పోతూనే ఉంటుంది. అక్కడ పనంతా కాళ్ళదే.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కి తరలిపోయాయి. అంతవరకూ మా రహమత్ నగర్ ఆడపిల్లలకి విమానమంటే మేడ మీంచి చూసే వస్తువు. ఇప్పుడు మా పై వాటాలో ఇంటర్ చదివే అమ్మాయి కంప్యూటర్‌లో ఫ్లయిట్ సిమ్యులేటర్ పెట్టుకుని పట్టుగా సాధన చేస్తోంది. "ఎగరడం వచ్చేసింది ఆంటీ, రన్‌వే దాకా తీసికెళ్ళడమే రావట్లేదు" అంటుంది. మీట నొక్కితే చాలు, విమానం గడ్డిలోకి! "ఆడపిల్లకి ఈ బొమ్మలాటేమిటే" అని వాళ్ళ నాన్నమ్మ సణుగుడు.

బొమ్మలాటేం కాదు. చిన్న విమానాల్లో సాధారణంగా ముందు చక్రం తిరిగేది పెడల్స్‌తోనే. పెడల్ పైభాగాన్ని మునివేళ్ళతో నొక్కితే ఆ పక్క చక్రానికి బ్రేకు పడుతుంది. ఎయిర్‌బస్ ఎ320లో పెడల్స్ ముందు చక్రాన్ని 6 డిగ్రీలే తిప్పుతాయి. పెద్ద మలుపులకి పక్కన టిల్లర్ అనే చేతిపిడి ఉంటుంది. దాంతో 75 డిగ్రీల దాకా తిప్పొచ్చు. పైలట్ సీటేమో ఆ చక్రానికి ముందుంటుంది. అందుకే తను మలుపు కాస్త దాటాకే తిప్పాలి. మలుపులో వేగం 10 నాట్లు, అంటే గంటకి దాదాపు 18.5 కిలోమీటర్లు. స్కూటీ కంటే నెమ్మది!

కిటుకు ఒక్కటే. కొంచెం తొక్కి, విమానం తిరగడం మొదలయ్యేదాకా ఆగాలి. పూర్తిగా తిరక్కముందే కాలు సడలించాలి. కుట్టుమిషను తొక్కిన మనకి కాలి అదుపంటే ఏమిటో తెలియనిది కాదుగా!

నేల మీదే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో పొగమంచులో ఒక విమానం ఇంకా రన్‌వే మీద నడుస్తుండగానే మరొకటి పైకి లేవబోయి దాన్ని ఢీకొంది. 583 మంది పోయారు.

ఇంట్లో కంప్యూటర్ ముందు గడిపిన గంటలు లైసెన్సుకి లెక్కలోకి రావు. కమర్షియల్ పైలట్ కావాలంటే నిజంగా 200 గంటలు ఎగరాల్సిందే. ఖర్చూ లక్షల్లోనే. అయినా మన దేశ పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్ళేనని 2022లో ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. వాళ్ళూ ఏదో ఒక ఇంట్లో ఆడపిల్లలేగా! మీ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని విమానాన్ని గడ్డిలోకి తోలేస్తుంటే కసరకండి. పక్కన కుర్చీ వేసుకుని, గీత మీదకి ఎలా తెస్తుందో కాసేపు చూడండి.