ట్యాబ్లెట్ ఏ సైజుది కొనవలెను? ఇంటికి ఒకటి చాలునా?

షోలాపురము, కంచి, బరంపురము, మొలకాల్మూరు మొదలగు తావులలో స్థిరపడిన మన నేత కుటుంబములలోనికి ట్యాబ్లెట్ అను పరికరము వచ్చి చేరుచున్నది. డిజైను గ్రాఫు వాట్సాప్‌లో వచ్చును. చీర కొనువారు దూరమున నుండియే అంచును, కొంగును చూపుమందురు. నూలు బిల్లులు, కూలి లెక్కలు, పిల్లల పాఠములు సైతము దానిలోనికే చేరును. కనుక అంగడికి పోయినవారికి రెండు సందేహములు కలుగుట సహజము. ఎన్ని అంగుళములది కొనవలెను? ఒకటి చాలునా, పనికొకటి చొప్పున కావలెనా? ఈ రెంటిని గూర్చి మాకు తోచిన సమాధానమును లెక్కలతో సహా ఇచట వివరించుచున్నాము.

ఇది తేలికగా తీసికొనదగిన విషయము కాదు. ట్యాబ్లెటుపై పెట్టిన సొమ్ము నూలుపై పెట్టవలసిన సొమ్మే. వాయిదాల మీద వచ్చినను అది అప్పే. నూలు లేక మగ్గము నిలిచినచో ఎంత మంచి ట్యాబ్లెట్ అయినను దానిని నడిపింపజాలదు.

అంగుళముల లెక్క

ట్యాబ్లెట్ సైజును అద్దము యొక్క ఒక మూల నుండి ఎదుటి మూలకు ఏటవాలుగా కొలిచి చెప్పుదురు. 2010లో ఆపిల్ కంపెనీ విడుదల చేసిన మొదటి ఐప్యాడ్ 9.7 అంగుళములది. 2012లో 7.9 అంగుళముల చిన్నది, 2015లో 12.9 అంగుళముల పెద్దది వచ్చినవి. నేడు అంగళ్లలో దొరకునవి చాల వరకు 8, 11, 13 అంగుళములకు దగ్గరగా నుండును.

అయితే ఏటవాలు కొలత ఒక్కటే చాలదు. గుడ్డకు పొడవుతో పాటు పన్నా ఎట్లు చూతుమో, ట్యాబ్లెటుకును అట్లే చూడవలెను. కొన్నిటి అద్దము 16:10 పాళ్లలో పొడవుగా నుండును. కొన్ని 4:3 పాళ్లలో కొంచెము చతురముగా నుండును. 11 అంగుళములదే అయినను మొదటి రకము 237 మిల్లీమీటర్ల పొడవు, 148 మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. రెండవ రకము 224 మిల్లీమీటర్ల పొడవు, 168 మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. చీరను నిలువున చూపుటకు, బిల్లులు చదువుటకు రెండవది అనుకూలము. గ్రాఫును అడ్డముగా పరచి చూచుటకు మొదటిది అనుకూలము.

గళ్ల లెక్క

మన వృత్తికి సంబంధించిన అసలు పరీక్ష గ్రాఫు. 240 హుక్కుల జాకార్డునకు వేసిన డిజైనులో అడ్డముగా 240 గళ్లు ఉండును. ఆ గ్రాఫును అద్దము పొడవున నిండుగా పరచినచో ఒక్కొక్క గడికి ఎంత చోటు వచ్చునో చూడుడు.

6.7 అంగుళముల సాధారణ ఫోనులో అద్దము పొడవు సుమారు 155 మిల్లీమీటర్లు. గడికి 0.65 మిల్లీమీటరు వచ్చును.
8 అంగుళముల ట్యాబ్లెట్ (16:10) పొడవు 172 మిల్లీమీటర్లు. గడికి 0.72.
11 అంగుళములది (16:10) 237 మిల్లీమీటర్లు. గడికి సుమారు 1 మిల్లీమీటరు.
13 అంగుళములది (4:3) 264 మిల్లీమీటర్లు. గడికి 1.1.

ఈ నాలుగు వరుసలలో రెండు సంగతులు దాగియున్నవి. మొదటిది: 8 అంగుళముల ట్యాబ్లెట్ వెడల్పున ఫోను కంటె పెద్దదే గాని, పొడవున 17 మిల్లీమీటర్లే హెచ్చు. గ్రాఫు చూచుటకు దానివలన కలుగు లాభము స్వల్పము. రెండవది: 11 నుండి 13 అంగుళములకు పోయినను గడి వెడల్పు పదింట ఒక వంతే పెరుగును. 148 నుండి 198 మిల్లీమీటర్లకు పెరుగునది పై నుండి క్రిందికి గల చోటు, అనగా ఒకేసారి కనబడు పేకల సంఖ్య. ధరలో తేడా మాత్రము అంతకంటె చాల హెచ్చుగా నుండును.

గడి ఇంత చిన్నదైనపుడు ఎవరును 240 గళ్లను ఒక్కసారిగా చదువరు. 60 గళ్ల చొప్పున నాలుగు భాగములుగా పెద్దవి చేసి చూతురు. అపుడు 8 అంగుళములదానిలో గడి 2.9 మిల్లీమీటర్లు, 11 అంగుళములదానిలో 4 మిల్లీమీటర్లు అగును. నలుబది యేండ్లు దాటిన కంటికి ఈ ఒక్క మిల్లీమీటరే పెద్ద మేలు.

గళ్లను ఇంత జాగ్రత్తగా చూడవలసిన పనియేమి అని కొందరు అడుగవచ్చును. అట్టలు కొట్టించిన పిదప నేతగానికి గ్రాఫుతో అంతగా పని లేదు. కొట్టించుటకు ముందే దానిని సరిచూడవలెను. గ్రాఫులో ఒక గడి తప్పినచో అట్టలో ఒక రంధ్రము తప్పును. ఆ తప్పు డిజైను తిరిగి వచ్చిన ప్రతిచోట చీరపై పడును. అద్దము మీద పది నిమిషములలో పట్టుకొనదగిన దోషమునకు అట్ట మార్పించుట, నేసిన గుడ్డకు ధర తగ్గుట ఫలితమగును. కనుక గ్రాఫు చూచు కుటుంబమునకు అద్దము సైజు సోకు కొరకు కాదు, పని కొరకే.

అద్దములోని చుక్కల సంఖ్యను కూడ అడుగుడు. పొడవున 1920 చుక్కలున్న అద్దములో 240 గళ్లకు గడికి సరిగా 8 చుక్కలు వచ్చును. 1280 చుక్కలున్నదానిలో ఐదుకు కొంచెము మించి వచ్చును, గీతలు ఒకటి లావుగా ఒకటి సన్నగా అగపడును. 400 హుక్కుల డిజైనుకు 1280 చుక్కల అద్దము చాలదనియే మా అభిప్రాయము.

ఏ పనికి ఏది?

గ్రాఫు సరిచూచుట, చీరలు చూపుట, లెక్కలు, పిల్లల చదువు అను నాలుగు పనులును ఉన్న ఇంటికి 11 అంగుళములది తగినది. ఇది సుమారు అర కిలో తూగును. ఒక చేత పట్టి ఎక్కువ సేపు నిలబడుట కష్టము గనుక నిలుపుటకు ఆధారముండు తొడుగు కొనుట మంచిది.

సాదా తువాళ్లు, దుప్పట్లు నేయుచు గ్రాఫుతో పనిలేని ఇంటికి ఫోనుయే చాల వరకు చాలును. సంతకు, ఎగ్జిబిషనుకు సరకు తీసికొనిపోయి నిలబడి చూపువారికి, సంచిలో తేలికగా పట్టవలెనన్న 8 అంగుళములది ఉపయోగపడును.

13 అంగుళములది డిజైను స్వయముగా గీయువారికి మాత్రమే. వారికి కలముతో గీయుటకు, అరచేయి ఆన్చుటకు చోటు కావలెను. అయితే జాకార్డు డిజైను సాఫ్టువేరు సాధారణముగా విండోసు కంప్యూటరు కొరకు తయారైనది. తాము వాడునది ట్యాబ్లెటుపై పనిచేయునా యని ముందుగా తెలిసికొననిదే సొమ్ము చెల్లింపరాదు.

ఒకటా, అనేకమా?

"నూలు నంబరును బట్టి అచ్చులు పెక్కు ఉంచుకొందుము గదా, ట్యాబ్లెట్లు పెక్కు ఉండిన తప్పేమి?" అని వాదించువారు కలరు. ఈ పోలిక సరిపడదు. అచ్చులోని పండ్ల సాంద్రత మారదు. ఒక నంబరుకు తగిన అచ్చు వేరొక నంబరుకు తగదు. ట్యాబ్లెటులోని బొమ్మను రెండు వ్రేళ్లతో పెద్దది చేయవచ్చును, చిన్నది చేయవచ్చును. కనుక సైజుకొక ట్యాబ్లెట్ అవసరము లేదు. పైగా ఇంటనున్న ఫోనుయే చిన్న ట్యాబ్లెట్. దానిని లెక్కలో చేర్చకుండ 8 అంగుళములది కొనినవారు ఒకే పనికి రెండు పరికరములు ఉంచుకొన్నట్లగును.

రెండవది కొనుటకు తగిన కారణము ఒక్కటే: రెండు పనులు ఒకే వేళకు రోజూ తగులుకొనుట. ఒక ఇంటిని ఉదాహరణగా తీసికొందము. రెండు మగ్గములు; తండ్రి, తల్లి నేయుదురు; కుమారుడు సరకు అమ్మకము చూచును; కుమార్తె పదవ తరగతి. గ్రాఫు పని కొత్త డిజైను వచ్చినపుడే. అమ్మకపు పిలుపులు సాయంకాలము. చదువు రాత్రి. ఈ ఇంటికి ఒక ట్యాబ్లెట్, ఉన్న ఫోనులు చాలును. అదే కుమారుడు వేరే వీధిలో దుకాణము పెట్టి, సాయంకాలమంతయు ట్యాబ్లెట్ అచటనే ఉంచినచో, కుమార్తె పాఠము ఆగును. అపుడు రెండవది అవసరమే. ఆ రెండవది కొత్తది, పెద్దది కానక్కరలేదు.

నిర్ణయించుటకు సులభమైన మార్గము కలదు. పదునైదు రోజులు ఒక పుస్తకములో, ఎవరు ఏ వేళ ఏ పనికి ట్యాబ్లెట్ కోరినారో, దొరకక ఏ పని ఆగినదో వ్రాయుడు. ఆగిన పనులు ఒకటి రెండు మాత్రమే అయినచో వేళలు సర్దుకొనుడు. చదువు ఆగుచున్నదని తేలినచో అమ్మకము కంటె దానికే ముందు చోటియ్యుడు. ఇల్లు గడుచుటకు ఆడపిల్ల చదువు వెనుకకు పోవుట మనకు మంచిది కాదు.

కొనుటకు ముందు

ఏ సంవత్సరము వరకు సాఫ్టువేరు మార్పులు వచ్చునో అడుగుడు. అవి ఆగిన కొంతకాలమునకు డబ్బు చెల్లింపు యాప్‌లు పనిచేయక పోవచ్చును. తక్కువ ధరకు వచ్చిన పాత మోడలులో ఈ చిక్కు తరచు కలుగును.

సిమ్ము లేని ట్యాబ్లెట్ చవుక. ఇంటిలో ఫోను నుండియే ఇంటర్నెట్టు పంచుకొనవచ్చును. వాట్సాప్‌ను సైతము ఒకే నంబరుపై, ఫోనుతో పాటు మరి నాలుగు పరికరములకు కలుపుకొనవచ్చును. కనుక ప్రత్యేక నంబరు కొనవలసిన పని లేదు.

చీరలు చూపునపుడు కంటి హాయికై పెట్టిన పసుపు వెలుగును ఆపవలెను. లేనిచో తెల్ల పట్టు పసుపుగా, నీలము ఆకుపచ్చగా అగపడి, సరకు చేరిన పిదప రంగు వేరని తిరిగి వచ్చును. జరీ మెరుపు ఫోటోలో సరిగా రాదు. పగటి వెలుగులో కొంగును కదలించుచు చిన్న వీడియో తీయుట మేలు.

తెలుగు కీబోర్డుతో పాటు తమిళము, కన్నడము, ఒడియా, మరాఠీలలో తమ ఊరి భాషను కూడ పెట్టుకొనుడు. పెద్దలు లెక్కలు తెలుగులో వ్రాయుదురు, కొనువారికి వారి భాషలో జవాబు పోవును.

మగ్గము వద్ద దూది పొట్టు ఛార్జింగు రంధ్రములో చేరును. గంజి తడి మరింత చెరుపు. పని అయిన వెంటనే తొడుగు మూసి, ఎత్తున పెట్టవలెను.

మొత్తము మీద మేము చెప్పునది ఇది: సైజును కంటితో చేయు పనిని బట్టి, సంఖ్యను ఒకే వేళకు తగులుకొను పనులను బట్టి నిర్ణయింపుడు. ఇంటనున్న ఫోనును లెక్కించుడు. నూలుకై తెచ్చిన సొమ్మును ముట్టకుడు. అంగడిలో మీ గ్రాఫునే తెరిపించి, మీ కంటితోనే గళ్లు లెక్కించి చూచిన పిదప బేరమాడుడు.