1956 నవంబరు 1న ఢిల్లీ పోగొట్టుకున్నది

నవంబరు 1వ తేదీ అనగానే తెలుగు పాఠకులకు స్ఫురించేది 1956వ సంవత్సరం. ఆనాడు హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌కు ప్రారంభోత్సవం చేశారు. నీలం సంజీవరెడ్డిగారు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. అదే రోజున దేశ రాజధానిలో ఒక శాసనసభ అంతరించిందన్న సంగతి మాత్రం మనలో బహు కొద్దిమందికే తెలుసు. మనకు రాష్ట్రాన్ని తెచ్చిపెట్టిన పునర్విభజనే ఢిల్లీ పౌరునికి ఉన్న రాష్ట్రాన్ని లేకుండా చేసింది.

వృత్తిరీత్యా నా కాలమంతా పార్లమెంటు పరిసరాలలోనే గడుస్తుంది. నగరానికి ఉత్తరాన సివిల్ లైన్స్ ప్రాంతంలో ఉన్న పాత సచివాలయానికి పోవలసిన అవసరం ఎప్పుడో గాని కలగదు. పోయినప్పుడల్లా ఆ తెల్లని భవనం ముందు కాసేపు నిలబడకుండా ఉండలేను. కలకత్తా నుంచి రాజధాని తరలివచ్చిన కొత్తలో, 1912 ప్రాంతంలో కట్టిన భవనమది. 1919లో రౌలట్ బిల్లుపై చర్చ జరిగింది ఇక్కడి సభలోనే. గాంధీజీ ప్రేక్షకునిగా కూర్చుని ఆ చర్చ విన్నారు. 1925లో విఠల్‌భాయి పటేల్ కేంద్ర శాసనసభకు అధ్యక్షునిగా ఎన్నికయ్యారు. 1927లో కొత్త పార్లమెంటు భవనం తెరచిన తరువాత ఈ మందిరం ప్రాముఖ్యం తగ్గిపోయింది. పాతికేళ్ల తరువాత, 1952లో, ఢిల్లీ రాష్ట్రపు 48 మంది శాసనసభ్యులు వచ్చి ఇందులో కూర్చున్నారు.

ఆ సభ పుట్టుకలో మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పాత్ర ఉంది. 1947లో రాజ్యాంగ పరిషత్తు చీఫ్ కమిషనర్ల పాలనలోని రాష్ట్రాల భవిష్యత్తును గురించి ఒక సంఘాన్ని వేసి, దానికి ఆయనను అధ్యక్షుని చేసింది. ఢిల్లీకి లెఫ్టినెంట్ గవర్నరు, శాసనసభ, దానికి బాధ్యత వహించే మంత్రివర్గం ఉండాలని ఆ సంఘం సిఫారసు చేసింది. డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షతన ఉన్న ముసాయిదా సంఘం ఇందుకు సమ్మతించలేదు. అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను రాజధానికి శాసనాలు చేసేది కేంద్ర చట్టసభయే కదా అన్నది దాని వాదం. చివరకు రాజ్యాంగం నిర్ణయాన్ని పార్లమెంటుకు విడిచిపెట్టింది. 1951లో పార్లమెంటు ‘సి’ తరగతి రాష్ట్రాల ప్రభుత్వ చట్టం చేసి ఢిల్లీకి సభను ఇచ్చింది. రాజ్యాంగం ఇచ్చిన సభ కాదది, పార్లమెంటు ఇచ్చిన సభ. ఇచ్చిన చేయే తీసుకోగలదన్న మాట.

సభా నిర్మాణం చూడండి. 42 నియోజకవర్గాలు, అందులో ఆరు ద్విసభ్య నియోజకవర్గాలు, వెరసి 48 స్థానాలు. కాంగ్రెసుకు 39 దక్కాయి. 1951 అక్టోబరులో పుట్టి పట్టుమని ఆరు నెలలైనా నిండని జనసంఘ్‌కు అయిదు, సోషలిస్టులకు రెండు, హిందూ మహాసభకు ఒకటి, మరొకరు స్వతంత్రులు. కాంగ్రెసు బలం వెనుక ఉన్న ఓట్లు మాత్రం నూటికి 52. జనసంఘ్ ఐదోవంతుకు మించి ఓట్లు సంపాదించింది. 1941లో 9 లక్షలున్న ఢిల్లీ జనాభా 1951 నాటికి 17 లక్షలు దాటింది. పశ్చిమ పంజాబు నుంచి సర్వస్వం కోల్పోయి వచ్చినవారు సుమారు అయిదు లక్షలు. ఇల్లు, అంగడి, బడి, మంచినీళ్లు – ఈ నాలుగింటి కోసం ఎదురుచూస్తున్న జనం ఎన్నుకున్న సభ అది.

ఆ నాలుగింటిలో సభ చేయగలిగినది ఎంత? శాంతిభద్రతలు, పోలీసు సభ పరిధిలోవి కావు. మున్సిపాలిటీలు, ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు, నీటి సరఫరా, మురుగు పారుదల, విద్యుత్తు, రవాణా సంస్థల నిర్మాణాధికారాలపై చట్టం చేసే హక్కు లేదు. కేంద్రానికి చెందిన భూములు, భవనాలను ముట్టుకోరాదు. న్యూఢిల్లీకి సంబంధించి మంత్రివర్గం ఏ నిర్ణయం తీసుకున్నా చీఫ్ కమిషనరు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. అన్నిటినీ మించినది ఇంకొకటి ఉంది. మంత్రివర్గ సమావేశానికి అధ్యక్షత వహించేది ముఖ్యమంత్రి కాదు, చీఫ్ కమిషనరు! ముఖ్యమంత్రి ఆ కుర్చీలో కూర్చోగలిగేది ఆయన రానప్పుడు మాత్రమే. అభిప్రాయభేదం వస్తే విషయం రాష్ట్రపతికి పోవాలి. అత్యవసరమనుకుంటే ఈలోగా చీఫ్ కమిషనరు తనకు తోచినట్లు చేయవచ్చు. ప్రజలు ఎన్నుకున్న 39 మంది ఒక వైపు, ఎవరూ ఎన్నుకోని ఒక అధికారి ఒక వైపు. తూకం ఎటు మొగ్గిందో చెప్పనక్కరలేదు.

నాయకత్వం విషయంలో విధి కూడా తన చేయి చూపింది. ఢిల్లీకి శాసనసభ కావాలని పట్టాభిగారి సంఘంలోను, వెలుపలను పోరాడిన దేశబంధు గుప్తా, ఉర్దూ పత్రిక ‘తేజ్’ను నడిపిన పాత్రికేయుడు, ముఖ్యమంత్రి కాగలవారని అందరూ అనుకున్నారు. 1951 నవంబరులో ఆయన విమాన ప్రమాదంలో మరణించారు. ఆ స్థానంలోకి శకూర్‌పూర్ గ్రామానికి చెందిన చౌధరీ బ్రహ్మప్రకాశ్ వచ్చారు. 1952 మార్చిలో పదవి చేపట్టేనాటికి ఆయనకు 34 ఏళ్లు కూడా నిండలేదు. జామియా మిలియాలో పనిచేసిన షఫీకుర్ రహమాన్ కిద్వాయి విద్యామంత్రి. గాంధీజీకి వైద్యురాలుగా ఉన్న డాక్టర్ సుశీలా నాయర్ ఆరోగ్యమంత్రి. చిన్న సభకు చిన్న మంత్రివర్గమే గాని, వ్యక్తులు చిన్నవారు కారు.

ఆ కొద్దిపాటి జాగాలోనే వారు చేసినదొకటి నిలిచింది. 1954లో సభ చేసిన ఢిల్లీ భూసంస్కరణల చట్టం జమీందారీ మధ్యవర్తులను తొలగించి సాగుదారుకు భూమిధర్ హక్కు ఇచ్చింది. సభ పోయిన తరువాత దశాబ్దాల పాటు గ్రామీణ ఢిల్లీ భూమి వ్యవహారాలు ఆ చట్టం మీదనే నడిచాయి. పల్లెటూరి ముఖ్యమంత్రి ఉన్న సభ పల్లెల వరకు స్వేచ్ఛ దొరికితే ఏమి చేయగలదో అది చెబుతున్నది.

పట్నం విషయంలో ఆ స్వేచ్ఛ లేదు. బ్రహ్మప్రకాశ్ ఊరుకునే మనిషీ కాదు. చీఫ్ కమిషనరుతోను, కేంద్ర హోంశాఖతోను అధికారాల విషయమై వచ్చిన ఘర్షణ ముదిరింది. 1955 ఫిబ్రవరిలో ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. సభలో ఆయన పార్టీ బలం మాత్రం మునుపటిలాగానే చెక్కుచెదరకుండా ఉంది! సభాపతిగా ఉన్న గురుముఖ్ నిహాల్ సింగ్ ముఖ్యమంత్రి అయ్యారు. సుశీలా నాయర్ సభాపతి స్థానానికి వెళ్లారు. నిహాల్ సింగ్‌గారు రాజనీతిశాస్త్ర ఆచార్యులు. భారత రాజ్యాంగ పరిణామంపై ఆయన వ్రాసిన గ్రంథం ఎన్నో ఏళ్లు కళాశాల విద్యార్థులకు పాఠ్యం. రాజ్యాంగ చరిత్ర వ్రాసిన పెద్దమనిషి తన సభకు తానే చివరి ముఖ్యమంత్రి కావలసివచ్చింది.

అదే సంవత్సరం ఫజల్ అలీ సంఘం నివేదిక వచ్చింది. ద్వంద్వ పాలన వల్ల పరిపాలన దిగజారిందని, జాతీయ రాజధాని జాతీయ ప్రభుత్వం ఆధీనంలోనే ఉండాలని, స్థానికులకు నగర పాలక సంస్థ చాలునని ఆ సంఘం తేల్చింది. రాయబార కార్యాలయాలు, కేంద్ర ప్రభుత్వ యంత్రాంగం ఉన్నచోట పోలీసును ఇంకొకరి చేతికి ఇవ్వరాదన్న వాదాన్ని నేను కొట్టివేయను. కాని ద్వంద్వ పాలనను ఏర్పాటు చేసినదెవరు? అధికారాన్ని సగం ఇచ్చి, మిగిలిన సగం దగ్గర పెట్టుకుని, పని సాగలేదని ఆ సగాన్నీ వెనక్కు తీసుకోవడం ఏ న్యాయమో నాకు ఈనాటికీ అర్థం కాదు. అజ్మీరు సభ పోయినా అక్కడివారికి జయపురంలో స్థానం దొరికింది. కొడగు మైసూరులోను, భోపాలు, వింధ్యప్రదేశ్ మధ్యప్రదేశ్‌లోను కలిశాయి. హిమాచల్ 1963లో తన సభను తిరిగి తెచ్చుకుంది. ఢిల్లీ పౌరునికి మాత్రం కలవడానికి ఏ రాష్ట్రమూ లేదు. 37 ఏళ్లు సభా లేదు. 1966 చట్టంతో వచ్చిన మెట్రోపాలిటన్ కౌన్సిల్ చర్చించగలదు, సిఫారసు చేయగలదు, శాసించలేదు.

1991లో రాజ్యాంగం 69వ సవరణ 70 స్థానాల సభను ఇచ్చింది. ఈసారి రాజ్యాంగంలోనే చోటు దొరికింది గనుక 1956లో వలె పార్లమెంటు మామూలు చట్టంతో రద్దు చేయలేదు. అయినా పోలీసు, శాంతిభద్రతలు, భూమి మళ్లీ కేంద్రం చేతిలోనే మిగిలాయి. చీఫ్ కమిషనరు కుర్చీ లెఫ్టినెంట్ గవర్నరుకు వచ్చింది. 2018లోను, 2023లోను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు ఎన్నికైన ప్రభుత్వం మాటకు విలువ ఉండాలన్నాయి. 2021లోను, 2023లోను పార్లమెంటు చేసిన చట్టాలు లెఫ్టినెంట్ గవర్నరు చేతిని బలపరిచాయి. ఆ వాదప్రతివాదాలు చదువుతుంటే 1951 నాటి చట్టం పుటలే తిప్పుతున్నట్లు అనిపించింది నాకు.

1956 నవంబరు 1న, తన రాష్ట్రం అదృశ్యమైన ఆ రోజునే, గురుముఖ్ నిహాల్ సింగ్ రాజస్థాన్ తొలి గవర్నరుగా ప్రమాణ స్వీకారం చేశారు. బ్రహ్మప్రకాశ్ ఆ తరువాత పలుమార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు; 1979లో చరణ్‌సింగ్ మంత్రివర్గంలో కేంద్రమంత్రిగా ఉన్నారు. ఢిల్లీకి మళ్లీ శాసనసభ ఎన్నికలు 1993 నవంబరులో జరిగాయి. వాటిని చూడడానికి ఆయన లేరు. ఆ సంవత్సరమే, ఎన్నికలకు ముందే, కన్నుమూశారు.