పశు శబ్దము

మన భాషలో నిత్యము వినవచ్చు మాటలలో ‘పశువు’ ఒకటి. ఇది రైతు నోట సంపద; కోపించినవాని నోట తిట్టు. పశుసంపద, పశుగ్రాసము అనునపుడు ఆదరమును, పశుప్రాయుడు, పశుత్వము అనునపుడు ఏవగింపును తోచుచున్నవి. ఈ రెండర్థములలో ఏది మొదటిదో విచారింపవలసియున్నది.

అథర్వవేదమునందు పశువులైదని లెక్కింపబడినవి: గోవు, అశ్వము, పురుషుడు, మేక, గొఱ్ఱె. మనుష్యుడును ఆ లెక్కలోనివాడే. శైవాగమములు జీవుని పశువనియు, వాని బంధమును పాశమనియు, ఈశ్వరుని పతియనియు చెప్పినవి. వీనిలో నింద యెక్కడను లేదు.

అన్యభాషలును ఇట్లే సాక్ష్యమిచ్చుచున్నవి. లాటినున ‘పెకుస్’ అనగా మంద. ధనమును తెలుపు ‘పెకూనియా’ దానినుండియే పుట్టినది. గోథిక్ భాషలో ‘ఫైహు’ అనగా ఆస్తి. ఇవియు మన పశు శబ్దమును ఒక్క మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. నాణెములు లేనినాడు మందయే ధనము. అంతదూర మేల? ఉత్తరాంధ్ర పల్లెలలో పశువులను ‘సొమ్ములు’ అనుట నేటికిని కలదు. సంస్కృతపు పశువే తెలుగున ‘పసులు’ అయి, పసులకాపరి యను మాటలో నిలిచియున్నది.

ఇట్టి మాట తిట్టుగా దిగజాఱినది. జాతీయోద్యమ దినములలో పరపాలకుల దౌర్జన్యమును పశుబలమంటిమి. నేడును ఘోరకృత్యము జరిగినపుడెల్ల దానిని ‘పాశవికము’ అని వ్రాయుచున్నాము. కాని పగబట్టి, పన్నాగము పన్ని, లాభము లెక్కించి సాటిప్రాణిని హింసించుట ఏ ఎద్దు నేర్చినది? మనుష్యుడు బుద్ధిపూర్వకముగ చేసిన నేరమును నోరులేని జంతువుపై మోపినచో, జంతువునకు అపకీర్తియు, నేరస్థునకు సగము క్షమాపణయు దక్కును. పశుస్వభావమున చేసినాడన్నచో, మనుష్యుడుగా అతడు జవాబు చెప్పుకొననక్కఱలేదను భావము కలుగదా?

2019 పశుగణన ననుసరించి దేశమున గోజాతి పశువులు 19 కోట్లకు పైగాను, గేదెలు 11 కోట్లకు చేరువగాను కలవు. పాలు, ఎరువు, బండి లాగుట మొదలగు వీని సేవ నేటికిని మన సంసారములను నిలుపుచున్నది. ట్రాక్టరు వచ్చిన పిదప దుక్కిటెద్దుల అవసరము తగ్గినమాట నిజమే. అవసరము తగ్గినదని గౌరవము తగ్గింప న్యాయముకాదు.

కావున మా పాఠకులను మేము కోరునది స్వల్పము. క్రూరుని క్రూరుడనుడు, హంతకుని హంతకుడనుడు. పశువు పేరును పాడికిని, పంటకును విడిచిపెట్టుడు.