ఇంగ్లిష్ లిటరేచర్ డిగ్రీ: లెక్క మొదటి సెమిస్టర్‌లోనే వేసుకోండి

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, హిందీ మాట్లాడే కుటుంబాలున్నాయి. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఇలాంటి ఇంట్లో పన్నెండో తరగతి పాసైన అమ్మాయి బీఏ ఇంగ్లిష్ లిటరేచర్ చదువుతానంటే, ‘అది చదివి ఏం చేస్తావ్?’ అని పెద్దలు అడుగుతారు. కొత్త డిగ్రీ విధానంలో క్రెడిట్ల లెక్క తెలిస్తే ఆ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పొచ్చు.

చంద్రపూర్ జిల్లా కాలేజీలు 2011లో గడ్చిరోలిలో ఏర్పడిన గోండ్వానా యూనివర్సిటీ పరిధిలోకి వస్తాయి. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160.

120 ఎలా పంచాలి?

మూడేళ్ల డిగ్రీలో మేజర్‌కు, అంటే ప్రధాన సబ్జెక్టుకు కనీసం 60, మైనర్‌కు, అంటే రెండో సబ్జెక్టుకు 24 క్రెడిట్లు. భాషా నైపుణ్యాలు, వృత్తి నైపుణ్యాలు, ఇతర విభాగాల కోర్సులు, విలువల కోర్సులు, ఇంటర్న్‌షిప్ కలిపి మిగిలిన 36. ఒక థియరీ క్రెడిట్ అంటే 15 గంటల పాఠం. అంటే లిటరేచర్‌కు 900 గంటలు, మైనర్‌కు 360 గంటలు. 360 గంటలంటే చిన్న సంఖ్య కాదు. స్నేహితులు తీసుకున్నారని మైనర్ ఎంచుకోవద్దు. జర్నలిజం వైపు వెళ్లాలంటే రాజనీతిశాస్త్రమో చరిత్రో పనికొస్తుంది. అనువాదం ఇష్టమైతే మరాఠీ లేదా హిందీ సాహిత్యం మేలు. తెలుగు ఇంట్లో ఎలాగూ ఉంది.

మూడా, నాలుగా?

మూడేళ్ల డిగ్రీ తర్వాత ఎంఏ రెండేళ్లు, నాలుగేళ్ల డిగ్రీ తర్వాత ఏడాది. ఎటు వెళ్లినా మొత్తం ఐదేళ్లే. తేడా ఎక్కడంటే, నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుంటే ఎంఏ లేకుండానే నెట్ రాయొచ్చు, పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత వస్తుంది. రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. నాలుగో ఏడాదిలో 12 క్రెడిట్ల పరిశోధనతో ఆనర్స్ చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలోనే 75 శాతం ఉండాలి.

అందుకే మొదటి ఏడాది ముఖ్యం. సెమిస్టర్లన్నింటికీ సమాన బరువు అనుకుందాం. మొదటి రెండింటిలో సగటు 65 వస్తే, మిగతా నాలుగింటిలో సగటున 80 తెస్తేనే 75 అందుతుంది. సాహిత్యంలో నాలుగు సెమిస్టర్ల పాటు 80 నిలబెట్టడం కష్టం. మొదట్లోనే 72 తెచ్చుకుంటే తర్వాత 76.5 చాలు.

స్కూల్ టీచర్ కావాలనుకునేవారికి ఈ 75 గొడవ లేదు. డిగ్రీలో 50 శాతం మార్కులుంటే రెండేళ్ల బీఈడీకి అర్హత ఉంటుంది. మహారాష్ట్రలో అందుకు సీఈటీ రాయాలి. మూడేళ్లు, రెండేళ్లు కలిపి అక్కడా ఐదేళ్లే.

మధ్యలో ఆగాల్సి వస్తే?

డబ్బు ఇబ్బందో, పెళ్లో, ఉద్యోగమో వచ్చి చదువు ఆపితే చదివింది వృథా కాదు. 40 క్రెడిట్లకు సర్టిఫికెట్, 80కి డిప్లొమా వస్తాయి. వాటికి అదనంగా 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేయాలి. మూడేళ్లలోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ పూర్తి చేయొచ్చు.

ఫీజు కట్టే ముందు కాలేజీ ఆఫీసులో మూడు విషయాలు అడగండి: ఇంగ్లిష్ మేజర్‌తో ఏయే మైనర్లు ఇస్తున్నారు? నాలుగో ఏడాది ఇక్కడే ఉందా? ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయిస్తారు? జవాబులు రాసుకుని, ఇంట్లో పెద్దలతో కూర్చుని ఐదేళ్ల లెక్క వేసి, ఆ తర్వాతే చేరండి.